టిక్కుమన్నాక ఇంకొంచెం

మా బంకు పెట్రోలు కల్తీదని మొట్టమొదట అన్నది పోటీ బంకువాడు కాదు, నా తోడబుట్టిన తమ్ముడు. పోనీ చాటుగా నా చెవిన వేశాడా అంటే అదీ లేదు. రోడ్డుకి అవతలి వైపున్న తన గ్యారేజీలో, ఎత్తిన బానెట్ కింద నుంచి తల బయటపెట్టి, నలుగురూ వింటుండగా, "ఇది ఇంజను తప్పు కాదండీ, దాని కడుపులో పోసిన పెట్రోలు తప్పు" అని తీర్పిచ్చేశాడు. ఆ విన్న నలుగురిలో ట్యాక్సీల ఆయన కూడా ఉన్నాడు. నా ఖర్మ, ఇంకేం చెప్పను.

ట్యాక్సీల ఆయన బళ్లన్నీ మా దగ్గరే పోయించుకుంటాయి. పొద్దున్నే వాటి వరస మా గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. మిగతా జనమంతా కలిపి పోయించుకునేది ఒక ఎత్తు, ఆయన ఒక్కడూ ఒక ఎత్తు. ఆయన గనక పక్క బంకుకి మళ్లితే నేను తాళాలు తీసుకెళ్లి కంపెనీవాళ్ల చేతిలో పెట్టి ఇంట్లో కూర్చోవాలి. నాన్న నిలబెట్టిన బంకుని కూతురు ముంచిందన్న బిరుదు మాత్రం నాకు మిగులుతుంది.

జబ్బు కూడా చిత్రమైన జబ్బు. బండి మా దగ్గర పెట్రోలు పోయించుకుని రోడ్డెక్కుతుంది. మొదటి సిగ్నలు దాకా బుద్ధిగానే వెళ్తుంది. అక్కడ ఆగగానే వణుకు మొదలు. ఇంజను ఒక దెబ్బ కొడుతుంది, ఒక దెబ్బ మింగుతుంది. ముందున్న అద్దం వణుకుతుంది, స్టీరింగు వణుకుతుంది, లోపల కూర్చున్న మనిషి బుగ్గలు వణుకుతాయి. ఎక్సలేటర్ తొక్కి పట్టుకుంటే బతుకుతుంది, వదిలితే గుటుక్కుమని ఆగిపోతుంది. కారంతా పెట్రోలు వాసన. అలా కాసేపు ఏడిపించి, కొంత దూరం నడిచాక దానంతట అదే నయమైపోతుంది. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే నంగనాచిలా నిలబడుతుంది.

ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. ఫిల్టరు మార్చారు, తగ్గలేదు. గాలి వెళ్లే దారి విప్పి కడిగారు. మళ్లీ పెట్రోలు పోయించుకున్న రోజు మళ్లీ వణికింది. అప్పుడే మా తమ్ముడు ఆ తీర్పు చెప్పాడు.

కల్తీ అన్న మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అడ్డొచ్చిన బళ్లని కూడా చూసుకోకుండా రోడ్డు దాటి వెళ్లాను.

"ఒరేయ్, నీకున్నది నోరా, మురిక్కాలువా?"

"అక్కా, నేను ఊరికే అనలేదు. స్కానర్ పెట్టి చూశాను. మిక్చర్ రిచ్ అని చూపిస్తోంది."

"అంటే?"

"అంటే... ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పోతోందని."

"ఎక్కువ పోతే కల్తీ ఎలా అవుతుందిరా తెలివైనోడా?"

మా వాడి సంగతి నాకు తెలుసు. తెలియని చోట ఆగడం వాడికి చేతకాదు. చిన్నప్పుడు ఇంట్లో గడియారం విప్పి, మళ్లీ బిగించలేక, ఇంట్లో అందరూ టైము చూసుకోవడం ఎక్కువైపోయిందని ఉపన్యాసం ఇచ్చిన ఘనుడు. కల్తీ అన్న రోజు నుంచి వాడితో మాటలు మానేశాను. మానేశానంటే, నేరుగా మానేశాను. ఎదురెదురుగా బతికేవాళ్లం, ఏదో ఒకటి చెప్పుకోవాల్సి వస్తూనే ఉంటుంది కదా. ఆ కబుర్లు మోసే పని నాన్న మీద పడింది.

"నాన్నా, నీ కొడుకుతో చెప్పు, నా గేటుకి అడ్డంగా బండి పెట్టాడు, తీయమని."

నాన్న రోడ్డు దాటి వెళ్లేవాడు. కాసేపటికి తిరిగొచ్చేవాడు. "తీస్తానన్నాడమ్మా. టీ తాగి వెళ్లమన్నాడు, తాగొచ్చాను. అక్కకి అంత కోపం ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు."

"నా ఆరోగ్యం సంగతి వాడికెందుకట?"

నాన్న మళ్లీ రోడ్డు దాటేవాడు. నాన్నకి ఈ రాకపోకలు మహా సరదాగా ఉండేవి.

నేను మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నేల కింది ట్యాంకులోకి కొలబద్ద దించాను. నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు పూసి మరీ దించాను. రంగు మారలేదు. తెల్లకాగితం మీద చుక్క వేసి చూశాను. మరక మిగలకుండా ఆరిపోయింది. గాజు జాడీలో పట్టి ఎండకి ఎత్తి చూశాను. కంపెనీవాళ్లని నేనే పిలిపించి పరీక్ష చేయించాను. వాళ్లూ చూసి, ముక్కున వేలేసుకుని, "ఇంత శుభ్రమైన పెట్రోలు ఈ మధ్య చూడలేదమ్మా" అన్నారు. ఆ ముక్క రాయించి గోడకి అంటించాను. జనం దాన్ని చదివి, "ఏమీ లేకపోతే ఇంత పెద్దక్షరాలతో అంటించడం దేనికి?" అనుకున్నారు.

పైగా నా సొంత కారు ఉంది. అది తాగేదీ ఆ పెట్రోలే. నాకు ఓపిక తక్కువ. పంపు దగ్గర నేనే నాజిల్ పెట్టుకుని, అది టిక్కుమనగానే పీకేసి, మూత బిగించి వెళ్లిపోతాను. నా కారు ఏనాడూ వణకలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. బంకు నాకు అప్పజెప్పాక నాన్నకి పని లేకుండా పోయింది. లెక్కలు నావి, బ్యాంకు నాది, ట్యాంకరు వస్తే సంతకం నాది. ఆఫీసు గదిలో ఫ్యాను కింద మెత్తటి కుర్చీ వేయిస్తే దాంట్లో పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. చివరికి పంపు దగ్గరికి వెళ్లి, పనివాళ్ల చేతిలోంచి నాజిల్ తీసుకుని, తెలిసినవాళ్ల బళ్లకి తనే పోయడం మొదలుపెట్టాడు. అందరికీ కాదు. తెలియనివాళ్లకి పనివాళ్లు పోస్తారు. అయినవాళ్లొస్తే మాత్రం నాన్న లేచి వెళ్లాల్సిందే.

నాన్న పోయడం చూసి తీరాలి. ట్యాంకు నిండగానే నాజిల్ టిక్కుమని దానంతట అది ఆగుతుంది కదా, మిగతా బంకుల్లో అక్కడితో సరి. నాన్న దృష్టిలో అది మర్యాద తెలియని పని.

"చాలు బాబాయ్, టిక్ అంది" అనేవాళ్లు కారులో కూర్చున్నవాళ్లు.

"అది మొహమాటానికి అంటుంది నాయనా. అంది కదా అని మనం ఆపేస్తామా?"

అని, నాజిల్ కొంచెం పైకి లాగి, వేలితో మెల్లగా నొక్కుతూ, సన్నటి ధారగా ఇంకొంచెం పోసేవాడు. మళ్లీ టిక్. "చూశారా, పట్టింది." ఆ తర్వాత కారు వెనక మూలకి నడుం ఆనించి అటూ ఇటూ ఊపేవాడు. పంచదార డబ్బాని నేలకేసి తట్టి ఇంకో పిడికెడు పట్టిస్తారే, అలాగ. లోపలి గాలి బుడబుడమని పైకి వచ్చేది. మళ్లీ ఇంకొంచెం. మూతి దగ్గర పెట్రోలు తళతళమని కనపడ్డాక, "ఇప్పుడు నిండింది కడుపు" అని మూత బిగించి, దాన్ని అరచేత్తో ఒకసారి తట్టేవాడు. జనం మురిసిపోయేవారు. మా బంకులో కొలత గొంతు దాకా అని పేరు. ఆ పేరు చూసుకుని నేనూ మురిసిపోయేదాన్ని, అబద్ధమెందుకు.

ఈలోగా ఫిర్యాదులు పెరిగాయి. మందుల షాపాయన, బడి పెద్ద పంతులమ్మ, మా పిన్ని, ట్యాక్సీ డ్రైవర్లు, ఒక్కొక్కరూ రావడం, మొహమాటపడుతూ చెప్పడం. అందరూ మనవాళ్లే. దారినపోయే పరాయివాడు ఒక్కడంటే ఒక్కడు వచ్చి ఇదేంటని అడగలేదు. దీనికి కూడా జనం ఒక అర్థం కనిపెట్టారు. నా దగ్గర రెండు ట్యాంకులున్నాయట. గొడవ చేస్తారన్న భయంతో పరాయివాళ్లకి అసలుది, నోరెత్తరన్న ధీమాతో అయినవాళ్లకి కల్తీది పోయిస్తున్నానట. ఈ మాట మా పిన్నే వచ్చి చెప్పింది. చెప్పి, "నేను నమ్మలేదనుకో, కానీ నాకు కూడా ఆ పరాయివాళ్ల ట్యాంకులోది పోయించకూడదూ?" అంది.

ఆ వారమే ట్యాక్సీల ఆయన ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చెల్లెమ్మా, బాబాయ్ మొహం చూసి ఇన్నాళ్లు ఓర్చుకున్నాను. నిన్న సిగ్నలు మధ్యలో బండి ఆగిపోయి, లోపలున్నావిడకి రైలు తప్పిపోయింది. ఆదివారం దాకా చూస్తాను. ఆ పైన నా బళ్లు ఇక్కడికి రావు. ఏమీ అనుకోకు."

"అన్నయ్యా, నా పెట్రోల్లో తప్పు లేదు. నా మాట నమ్మండి."

"మీ తమ్ముడే అన్నాడు కదమ్మా" అన్నాడాయన. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన వెళ్లాక నాన్నని పిలిచాను. "నీ కొడుకుతో చెప్పు. నా కళ్లెదుట, నా పెట్రోలు పోసి, ఆ జబ్బు తెప్పించి చూపించమను. తెప్పించలేకపోతే ట్యాక్సీల ఆయన కాళ్ల మీద పడి మాట వెనక్కి తీసుకోమను."

నాన్న వెళ్లొచ్చాడు. "సరేనన్నాడమ్మా. ఇంజను వేడి మీదుండగా పంపు దగ్గర నుంచి నేరుగా తెమ్మన్నాడు. కాళ్ల సంగతేం అనలేదు. టీ బాగుంది."

ఎప్పుడూ వణికే ట్యాక్సీనే ఒకదాన్ని ఆపాను. అది అప్పుడే ఊరంతా తిరిగి వచ్చింది. నేనే నాజిల్ పెట్టాను, టిక్కుమంది, తీసేశాను. డ్రైవర్ని నడపమని పక్కన కూర్చుని రోడ్డు దాటించాను. మా తమ్ముడు బానెట్ ఎత్తాడు. నేను వాడి టీ గ్లాసులో నిండా నీళ్లు పోసి ఇంజను మూత మీద పెట్టాను. ఇంజను నడుస్తూనే ఉంది. గ్లాసులో నీళ్లు తొణకలేదు. వాడు చెవి పెట్టి విన్నాడు, స్కానర్ తగిలించాడు, తీశాడు, మళ్లీ తగిలించాడు. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి.

నేను వాడితో మాట్లాడటం లేదు కాబట్టి డ్రైవరుతో అన్నాను. "చూశావుగా బాబూ. ఇదే కల్తీ పెట్రోలు. ఎంత కల్తీగా నడుస్తోందో చూడు."

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "నడుస్తోందమ్మా. కానీ ఇవాళ మీరు తక్కువ పోశారు. పెద్దాయన పోస్తే ఇంకా చాలా పడుతుంది."

"నేను తక్కువ పోశానా? అయితే పో, వెళ్లి మీ పెద్దాయన చేతే పోయించుకో!"

ఆ డ్రైవరు అమాయకుడు. నిజంగానే వెళ్లాడు. అవతల నాన్న గొంతు మాకు వినపడుతూనే ఉంది. "మా అమ్మాయి పోసిందా? దానికి పోయడం రాదయ్యా, అంతా కంగారు!" ఒక టిక్కు, కాసేపాగి ఇంకో టిక్కు. డ్రైవరు బండి మళ్లీ తెచ్చి నిలబెట్టాడు, నేను గ్లాసు మళ్లీ ఇంజను మీద పెట్టాను. ఎక్సలేటర్ వదిలేసరికి ఇంజను గడగడలాడటం మొదలుపెట్టింది. గ్లాసు చిందులు తొక్కింది. నేను పట్టుకోబోయేలోపు నీళ్లన్నీ మా తమ్ముడి ప్యాంటు మీద పడ్డాయి.

వాడు ప్యాంటు సంగతే పట్టించుకోలేదు. గ్లాసు పక్కన పెట్టి ఇంజను మీదికి వంగాడు. ఒక్కొక్క గొట్టమే వేళ్లతో నొక్కి పట్టుకుంటూ వెళ్లాడు. చిటికెనవేలంత సన్నటి గొట్టం ఒకటి, వెనక నుంచి వచ్చేది, దాన్ని నొక్కగానే వణుకు టక్కున ఆగిపోయింది. వదిలాడు, వణికింది. నొక్కాడు, ఆగింది.

"అక్కా, ఇటు చూడు" అన్నాడు. కోపంలో ఉన్నామన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఆ గొట్టం వెంబడే వెళ్లి, కారు వెనక అడుగున ఉన్న నల్లటి డబ్బా ఒకటి విప్పి తెచ్చాడు. నా చెవి దగ్గర పెట్టి ఆడించాడు. లోపల గుడగుడమంది.

"దీంట్లో బొగ్గు ఉంటుంది. ట్యాంకులోంచి వచ్చే ఆవిరిని ఇది పట్టి ఉంచుకుని, కాస్త కాస్త ఇంజనుకి పంపుతుంది. ఆవిరి మాత్రమే. పొడిగా ఉండాలి. ఇదేమో పెట్రోల్లో మునిగిపోయింది. నిండిన ట్యాంకులో ఇంకా కుక్కితే అది పోయే చోటు ఇదొక్కటే. ఇక్కడి నుంచి పచ్చి పెట్రోలు ఇంజను ముక్కులోకి పోతోంది. అందుకే రిచ్ అని చూపించింది, అందుకే కొంత దూరం పోయాక తగ్గుతోంది."

"అంటే పెట్రోల్లో తప్పు లేదు."

"లేదు."

"కల్తీ కాదు."

"కాదులే అక్కా."

ఆ మాట కోసం ఎన్ని రోజులుగా ఎదురుచూశానో నాకే తెలుసు. వాడి పళ్లు రాలగొట్టాలా, ముద్దు పెట్టుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. సరిగ్గా అప్పుడే ఇద్దరం తల ఎత్తాం. రోడ్డుకి అవతల మందుల షాపాయన కారు నిలబడి ఉంది. నాన్న దాని వెనక మూలకి నడుం ఆనించి, కళ్లు అరమూసుకుని, అటూ ఇటూ ఊపుతున్నాడు.

"అక్కా..." అన్నాడు మా తమ్ముడు.

"నోర్ముయ్" అన్నాను.

డ్రైవరు మా మొహాలు మార్చి మార్చి చూసి బండి సంగతేంటని అడిగాడు.

"నాన్నకి నువ్వే చెప్పాలి. బంకు ఓనరువి" అన్నాడు తమ్ముడు నాతో.

"నువ్వే చెప్పు. మెకానిక్‌వి నువ్వు. స్కానరుంది నీ దగ్గర."

"నాకు నోరు రాదక్కా."

"నలుగురిలో నా పరువు తీసినప్పుడు వచ్చిందిగా?"

అయినా వాడి బాధ నాకు తెలుసు. నాకూ నోరు రాలేదు. మాకు ఇలాంటి కబుర్లు మోసే మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ మనిషి నాన్న.

అలా రేపు రేపంటూ ఆదివారం దాకా నెట్టుకొచ్చాం. ఆదివారం పొద్దున ట్యాక్సీల ఆయన వచ్చాడు, వెనక ఆయన డ్రైవర్లు. పంపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాం. మా తమ్ముడు ఆ నల్ల డబ్బా తెచ్చి, అందరిముందూ తలకిందులు చేశాడు. పెట్రోలు ధారకట్టింది. పెట్రోలు మంచిదేనని, తానన్న మాట తప్పని, మరీ ఎక్కువ నింపితే ఇలా అవుతుందని, గడగడా అప్పజెప్పేశాడు. ఎవరు నింపారన్నది మాత్రం చెప్పలేదు.

ట్యాక్సీల ఆయన తెలివితక్కువవాడు కాదు. "మరీ ఎక్కువ ఎవరు నింపుతున్నారు?" అన్నాడు. డ్రైవర్లు నేల చూపులు చూశారు. నాన్న నాజిల్ పట్టుకుని పక్కనే నిలబడి, శ్రద్ధగా వింటున్నాడు.

నా నోటికి ఈ వీధిలో అందరూ జడుస్తారు. ఆ నోటికి అప్పుడు నాన్న పేరు రాలేదు.

"నేనే అన్నయ్యా" అన్నాను. "నేనే పనివాళ్లకి చెప్పాను, గొంతు దాకా పోయమని. బేరం కోసం. నాదే తప్పు."

అక్కడితో అయిపోవాల్సిన మాట. కానీ నాన్న ఊరుకుంటేనా!

"అబద్ధం!" అన్నాడు నాన్న. "దానికంత చేతనైతే ఇంకేం? అది టిక్ అనగానే పీకేసే రకం. గొంతు దాకా పోసేది నేను. నీ బళ్లకి పోసేదీ నేనే అబ్బాయ్. వీళ్లని అడుగు." డ్రైవర్ల వైపు తిరిగాడు. "ఏమయ్యా, పెద్దాయన పోస్తే ఎంత పడుతుంది, అమ్మాయి పోస్తే ఎంత పడుతుంది? చెప్పండి!"

"నాన్నా, నువ్వాగు."

"నువ్వాగమ్మా. ఒకరికి రావాల్సిన మంచి పేరు ఇంకొకరు కొట్టేయకూడదు. కూతురివైనా సరే." అని నాన్న పక్కనున్న ట్యాక్సీ దగ్గరికి వెళ్లి, నడుం ఆనించి, ఒకసారి ఊపి చూపించాడు. "ఇదిగో, ఇలాగ. గాలి తీస్తే గానీ కడుపు నిండదు. ఈ విద్య ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు."

ఊపి, నవ్వుతూ మా వైపు చూశాడు. ఎవరమూ నవ్వలేదు. నాన్న మా తమ్ముడి చేతిలోని డబ్బా వైపు చూశాడు, దాని కింద నేల మీద మడుగు కట్టిన పెట్రోలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు. మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"ఓహో" అన్నాడు.

ట్యాక్సీల ఆయన నన్ను నాలుగడుగులు పక్కకి తీసుకెళ్లాడు. "చెల్లెమ్మా, బాబాయ్ పోస్తానంటే వద్దనే నోరు నాకు లేదు, మా డ్రైవర్లకీ లేదు. అందుకే నీకు చెప్తున్నాను. బాబాయ్ నాజిల్ పట్టుకోనన్ని రోజులు నా బళ్లు ఇక్కడే. పట్టుకుంటే మాత్రం నేను ఇంకో దారి చూసుకోవాలి. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోలేదు. నేరుగా నాన్న దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. నాన్న నాజిల్ని ఒకసారి గుడ్డతో తుడిచి, పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. "పైపు మెలిక పడకుండా చూసుకోండి" అన్నాడు. ఆఫీసు గదిలోకి వెళ్లి ఫ్యాను కింద మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి పది నిమిషాలకి లేవలేదు. నాకు ఏడుపొచ్చింది, అందరిముందూ ఏడవలేక పనివాళ్ల మీద అరిచాను.

జబ్బు మాయమైపోయింది. ఒక్క బండి వణికితే ఒట్టు. ట్యాక్సీల వరస మళ్లీ గేటు దాటింది. నా పెట్రోలు నిప్పులాంటిదని ఇప్పుడు అందరికీ తెలుసు. హాయిగా ఉండాలి కదా? జనం ఉండనిస్తేనా. మందుల షాపాయన వచ్చి, "ఏంటమ్మా, ఈ మధ్య టిక్కుమనగానే ఆపేస్తున్నారు? పెద్దాయన ఉన్నప్పుడు కొలత నిండుగా ఉండేది" అన్నాడు. పెద్ద పంతులమ్మ పంపు మీటరు దగ్గరికెళ్లి కళ్లద్దాలు సవరించుకుని మరీ చూసుకుంది. మా పిన్ని, "కల్తీ మానేసింది గానీ కొలతలో నొక్కుతోంది" అని చెప్పుకుంటోందట. మా తమ్ముడి గ్యారేజీలో ఈగలు తోలుకోవడమే పనైంది. ఆ సంగతి వాడు నేరుగా వచ్చి నాతోనే చెప్పాడు, కబుర్లు మోసే అవసరం లేదు కాబట్టి. దాంతో నాన్నకి రోడ్డు దాటే పని కూడా పోయింది.

నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదివేవాడు. కిటికీ అవతలే పంపు. అక్కడ టిక్కుమన్నప్పుడల్లా పేపరు మీద నుంచి తల లేచేది. కాసేపు అలాగే చూసేవాడు, ఇంకో టిక్కు వస్తుందేమోనని. రాదు. మళ్లీ పేపర్లోకి దిగిపోయేవాడు. ఎదురు టేబుల్ మీద లెక్కలు చూసుకుంటూ నేను ఇదంతా చూస్తూ కూర్చోవాలి. ఆయన ఒక్క మాటన్నా అంటే నేను పది అని గుండె బరువు దించుకునేదాన్ని.

ఒక సాయంత్రం నాకు తిక్క రేగింది. నా కారు తీసుకెళ్లి పంపు పక్కన పెట్టి, ఆఫీసు గది తలుపు తోసి, "నాన్నా, నా బండికి పోయాలి, రా" అన్నాను.

పేపరు దించలేదు. "అక్కడున్నారుగా పనివాళ్లు."

"నువ్వే పోయాలి."

"టిక్కుమంటే ఆపేయాలటగా."

"అవి ట్యాక్సీల ఆయన బళ్లు. ఇది నా బండి. నా ఇష్టం. లేస్తావా, లేవవా?"

లేచాడు. చొక్కా సర్దుకుని వచ్చి, మూత తిప్పి, నాజిల్ పెట్టాడు. టిక్కుమంది. చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూశాడు. గ్యారేజీ గుమ్మంలో మా తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి చూస్తున్నాడు. వాడికి అప్పుడే అర్థమైంది, రేపు ఏ డబ్బా మార్చాల్సి వస్తుందో. తల మాత్రం ఊపాడు.

"అది మొహమాటానికి అంది నాన్నా" అన్నాను.

ఇంకొంచెం పోశాడు. ఇంకో టిక్కు. నడుం ఆనించి ఊపాడు, నేను లోపల కూర్చుని ఊగాను. బుడబుడమని గాలి వచ్చింది. మూతి దగ్గర తళతళలాడేదాకా పోసి, మూత బిగించి, అరచేత్తో తట్టాడు. "ఇన్నాళ్లూ దీన్ని పస్తు పెట్టావు" అన్నాడు.

మొదటి సిగ్నలు దగ్గర మొదలైంది. అద్దం వణికింది, స్టీరింగు వణికింది, నా బుగ్గలూ వణికాయి. కారంతా వాసన. పక్క వరసలో వ్యానులో ఉన్నాయన తల బయటపెట్టి పాపం జాలిగా చూశాడు.

"ఏమ్మా, బండి అలా కొట్టుకుంటోంది? ఎక్కడ పోయించారు? ఈ మధ్య అంతా కల్తీ అమ్ముతున్నారు."

కల్తీ అన్నాడు. ఇంకో రోజైతే వ్యానులోంచి దింపి మరీ సమాధానం చెప్పేదాన్ని.

"మా నాన్న పోశాడండీ" అన్నాను.

ఆయన తల సగం లోపలికి లాక్కున్నాడు.

"అయితే ఇంకేం అంటాం లెండి" అన్నాడు.